గింజ చూసి డబ్బా చెప్పేముందు

చెన్నై–కోల్‌కతా హైవే వచ్చి బందరు రోడ్డును దాటే చోటే విజయవాడ బెంజ్ సర్కిల్. పగలూ రాత్రీ రొద ఆగని ఆ కూడలికి దగ్గర్లోనే, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. దేవుడు ఉన్నాడా లేడా అని వాదించడానికి నేను అక్కడికి వెళ్ళలేదు. చాలినంత ఆధారం లేకుండానే మనుషులు ఒక నిర్ణయానికి ఎందుకు దూకేస్తారు, ఆ దూకుడును పరీక్షించడం ఎలా అన్నవి నా ప్రశ్నలు. కృష్ణా డెల్టాలో ఎనభై ఏళ్ళకు పైగా జనం మధ్య ఇలాంటి పరీక్షలు పెట్టిన చోటు ఇదే. డెల్టా ఊళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పి రిటైరైన ఒక మాస్టారు నాకు తోడుగా వచ్చారు.

కేంద్రాన్ని స్థాపించిన గోపరాజు రామచంద్రరావును తెలుగువాళ్ళు గోరా అంటారు. 1902లో పుట్టారు. చదివింది వృక్షశాస్త్రం, చేసింది లెక్చరర్ ఉద్యోగం. దయ్యాలున్నాయని ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో కాపురం ఉండి చూశారు. గ్రహణంనాడు గర్భిణులు బయటికి రాకూడదన్న మాటను భార్య సరస్వతి తన మీదే పరీక్షించుకున్నారు, కడుపుతో ఉండి గ్రహణం చూశారు. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో గోరా ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడి ఉద్యోగమూ ముగిశాక 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో అది పటమటకు వచ్చింది.

ఈ కేంద్రం పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది నిప్పుల గుండం. నోము నోచి, ఉపవాసం ఉండి, పసుపు బట్టలు కట్టుకుని భక్తులు తొక్కే గుండాన్ని ఇక్కడ ఏ మొక్కూ లేనివాళ్ళు తొక్కి చూపిస్తారు. మాస్టారు ఇలాంటి ప్రదర్శనలు చాలా చూశారు, తానూ నడిచారు. ఎలా కాలకుండా ఉంటుందని అడిగితే, పాఠం చెప్పినట్టే ఓపిగ్గా చెప్పారు.

“కట్టెలు బాగా కాలి మంట ఆరిపోవాలండీ. ఎర్రటి బొగ్గులు మిగిలాక సమంగా పరవాలి. మేకులున్న పాత కలప మాత్రం వేయకూడదు. బొగ్గూ ఇనుమూ ఒకే వేడిమీద ఉన్నా, ఇనుము ఆ వేడిని క్షణంలో కాలికి ఇచ్చేస్తుంది. బొగ్గు అంత తొందరగా ఇవ్వలేదు. పైన బూడిద పొర ఒకటి అడ్డం ఉంటుంది. అడుగు ఆనేది అరక్షణం. మధ్యలో నిలబడిపోతే కాలుతుంది. పరిగెత్తినా ప్రమాదమే, పాదం బొగ్గుల్లోకి దిగబడిపోతుంది. మామూలు నడక నడవాలి.”

“మరి నడిచినందువల్ల ఏం రుజువైందంటారు మాస్టారూ?”

“భక్తి లేనివాడి కాలు కూడా కాలలేదని రుజువైంది. అంతవరకే. దేవుడు లేడని నిప్పులు చెప్పవు. ఆ మాట చెప్పదలుచుకున్నవాళ్ళు దానికి వేరే వాదన తెచ్చుకోవాలి. పరీక్ష ఎంత చెప్పిందో అంతే తీసుకోవాలండీ.”

ఆ చివరి మాట కోసమే ఇంతదూరం వచ్చినట్టు అనిపించింది నాకు. కాలు కాలలేదు కాబట్టి అమ్మవారి మహిమ అనుకునే భక్తుడు ఉన్న ఆధారం కంటే ముందుకు వెళ్ళిపోతున్నాడు. గుండం తొక్కాను కాబట్టి నమ్మకాలన్నీ కూలిపోయాయనుకునే హేతువాదీ అంతే. ఆధారం ఎక్కడ ఆగిందో అక్కడ తానూ ఆగగలగడం ఇద్దరూ నేర్చుకోవాల్సిన విద్యే.

ఆ విద్య ఎవరికి ఎంత వచ్చో కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక పరీక్ష ఉంది. 1988లో లండన్ పరిశోధకులు రెండు జాడీల్లో రెండు రంగుల పూసలు పోశారు. ఒకదాంట్లో 85 పాళ్ళు ఒక రంగు, 15 పాళ్ళు ఇంకో రంగు. రెండోదాంట్లో తిరగేసి. ఏ జాడీయో చెప్పకుండా పూసలు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ, నమ్మకం కుదిరినప్పుడు జాడీ ఏదో చెప్పమన్నారు. లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మే మానసిక రోగులు మిగతావాళ్ళకంటే తక్కువ పూసలకే తేల్చేశారు. తర్వాతి పరిశోధకులు దీన్ని 60, 40 పాళ్ళతో మరింత కష్టం చేశారు. ఈ పరీక్షను డెల్టా మనుషుల మధ్య చూడాలని, పూసల బదులు ఇక్కడి గింజలే తీసుకున్నాం. వరి తర్వాత ఈ పొలాల్లో ఎక్కువగా పండించేవి మినుములూ పెసలే. ఒక స్టీలు డబ్బాలో 60 మినుములు, 40 పెసలు. ఇంకోదాంట్లో 60 పెసలు, 40 మినుములు.

బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి, కంకిపాడు దాటి ఉయ్యూరు మీదుగా ముదునూరు చేరాం. కేంద్రం పుట్టిన ఊరు కాబట్టి ఆ ఊరినే ఎంచుకున్నాం. ఒక అరుగు మీద డబ్బాలు పెట్టుకుని కూర్చుంటే పిల్లలు మూగారు, వెనకాలే పెద్దలూ వచ్చారు. మాస్టారు ఒక డబ్బాను కండువా కింద పెట్టి, చూడకుండా ఒక గింజ తీసి చూపించి, మళ్ళీ అందులోనే వేసి కలుపుతారు. ఎన్ని గింజలైనా అడగొచ్చు, తొందరేం లేదని ముందే చెప్పారు.

డిప్లొమా చదువుతున్న కుర్రాడు ముందుకొచ్చాడు. మొదటి గింజ మినుము. రెండోదీ మినుమే.

“చాలండీ. మినుముల డబ్బా.”

“ఇంకో నాలుగు తీయమంటావా బాబూ?”

“అక్కర్లేదండీ, తెలిసిపోతోందిగా.”

మాస్టారు కండువా తీశారు. అది పెసలు ఎక్కువున్న డబ్బా. కుర్రాడు ముందుకు వంగి, తనే గింజలు కెలికి చూసుకున్నాడు.

తర్వాత కూర్చున్న పెద్దాయన రైతు. మొదట్లో వరసగా మినుములే వచ్చినా ఆయన తొణకలేదు. “తియ్యండి, తియ్యండి” అంటూనే ఉన్నాడు. మధ్యలో పెసలు పడ్డాయి, మళ్ళీ మినుములు పడ్డాయి. ఆయన వేళ్ళు ముడుస్తూ రెండూ లెక్కపెట్టుకున్నాడు. చాలాసేపటికి “మినుములే ఎక్కువుండాలండీ ఇందులో” అన్నాడు. కండువా తీస్తే అదే నిజం. అంతసేపు ఎలా ఆగగలిగారని అడిగాను.

“ధాన్యం కొనేవాడు బస్తా మూతి విప్పి పైన గుప్పెడు చూసి ధర కడతాడా అండీ? నడుమకి గొట్టం పొడిచి తీస్తాడు. నాలుగు బస్తాల్లో తీస్తాడు. పై గుప్పెడు ఎప్పుడూ బాగానే ఉంటుంది.”

“మరి ఊళ్ళో ఎవరి గురించైనా మాట వస్తే కూడా ఇలాగే ఆగుతావా బాబాయ్?” అంది గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒకావిడ.

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. “ధాన్యం దగ్గర నా డబ్బు పోతుందమ్మా. మాట దగ్గర పోయేది అవతలివాళ్ళది” అన్నాడు.

మాస్టారు పిల్లలకు లెక్క చెప్పారు. వరసగా రెండు మినుములు వస్తే అది మినుముల డబ్బా అయ్యే అవకాశం 69 శాతం. అంటే అలా తేల్చేసేవాడు మూడుసార్లకు దాదాపు ఒకసారి తప్పుతాడు. వచ్చిన మినుములు వచ్చిన పెసలకంటే ఆరు ఎక్కువైతే గానీ నమ్మకం 90 శాతం దాటదు. రెండు గింజలకే మనసు “తెలిసిపోయింది” అంటుంది. లెక్క మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంటుంది.

అవతలివాళ్ళది పోతుందన్న ఆ పెద్దాయన మాటకు మన రెండు రాష్ట్రాల్లోనూ సాక్ష్యాలున్నాయి. మెదక్ ప్రాంతంలో బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. 1980ల్లో నాస్తిక కేంద్రం వాళ్ళు వైద్యులను వెంటబెట్టుకుని ఆ ఊళ్ళకు వెళ్ళి, బాణామతి అంటున్నవాటికి వైద్య కారణాలూ మానసిక కారణాలూ వెతికారు. ఒక ఇంట్లో జబ్బు చేసింది, పక్కింటామె అటుగా వెళ్ళింది. రెండు గింజలు. ఆ రెండిటికే తీర్పు అయిపోయింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి, తెలుగు ఊళ్ళలో దారినపోయే అమాయకులను కొట్టారు. కొందరు చనిపోయారు. కొట్టినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు లేరా? భయం పుట్టినప్పుడు ఎంత చదివినవాడికైనా ఒక్క గింజే చాలిపోతుంది.

భయం లేని చోట, ప్రశాంతంగా, అందరూ ఒప్పుకున్న నియమాలతో పరీక్ష పెట్టుకోవచ్చు. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పుణేలో అదే చేశారు. చదువులో చురుకైన 100 మంది పిల్లలవీ, మానసిక వైకల్యం ఉన్న 100 మంది పిల్లలవీ జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్యుడికి 40 చొప్పున ఇచ్చి, ఏవి ఎవరివో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది కలిపి 46 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి. ఈ ప్రయోగంలో నేను గౌరవించేది ఫలితం కంటే దాని పద్ధతిని. ఎన్ని సరిపోతే ఒప్పుకోవాలి, ఎన్ని తప్పితే వదులుకోవాలి అన్నది ముందే రాసిపెట్టుకున్నారు. ఫలితం వచ్చాక మాట మార్చుకునే వీలు ఎవరికీ మిగల్చలేదు.

ముదునూరు నుంచి తిరిగివస్తూ మాస్టారూ నేనూ ఒక మాట అనుకున్నాం. ప్రతి హైస్కూల్లోనూ ఈ రెండు డబ్బాలుండాలి. గింజలకు ఖర్చేమీ కాదు. పిల్లల చేత ఆట ఆడించి రెండు ప్రశ్నలు అలవాటు చేయాలి. ఇంకెన్ని గింజలు చూస్తే చెప్పగలను? ఏం కనిపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను? మొదటి ప్రశ్న వేసుకున్నవాడు తొందరపడడు. రెండోది వేసుకున్నవాడు మొండికెయ్యడు. పక్కింటామె మీద మాట పుట్టినప్పుడు, ఊరికి కొత్త మనిషి వచ్చినప్పుడు, ఫోనులో భయపెట్టే వీడియో వచ్చినప్పుడు ఈ రెండు ప్రశ్నలు వేసేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నా కొన్ని ప్రాణాలు నిలబడతాయి. గోరా తన ఇంటినీ ఉద్యోగాన్నీ పణంగా పెట్టి నేర్పిన పాఠంలో, నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ కలిసి నేర్చుకోదగినది ఇదేనని నా నమ్మకం.