గుడారములో రెండు రాత్రులు

ముప్పదియొక్క సంవత్సరములు కాపురము చేసితిమి గాని, మేమిద్దరమే రెండు దినములు వరుసగా ఒకచోట నుండిన జ్ఞాపకము లేదు. ఉమ్మడి కుటుంబమున సంసారము సాగించిన సోదరీమణుల కిది వింతగా తోపదు. మావారు ఉద్యోగము విరమించిన పిమ్మట సొంత కారులో కాశివరకును, శక్తి యున్నచో హిమాలయముల మొదలువరకును రెండు నెలలు తిరిగి రావలెనని సంకల్పించితిమి. ప్రతిరాత్రియు హోటలులో బసచేయుటకు మా పింఛను చాలదు. అందుచేత గుడారము మాట వచ్చినది.

ఈ యూహకు బీజము వేసినవాడు అమెరికాలో నున్న మా కుమారుడు. అచ్చట రాష్ట్ర ప్రభుత్వములే వనములను కాపాడుచు, వానిలో గుడారములకై అంకెలు వేసిన స్థలములను, నీటికుళాయిలను, ఇనుపచుట్టు గల పొయ్యిలను, మరుగుదొడ్లను అమర్చియుంచును. రుసుము చెల్లించి దంపతులు పిల్లలతో అచ్చట రాత్రులు గడపుదురు. మన దేశమున నట్టి యేర్పాటు మిక్కిలి యరుదు. కాబట్టి పెద్ద ప్రయాణమునకు ముందు మన ప్రాంతముననే రెండు రాత్రులు పరీక్షగా గడపి, ఓర్వలేకపోయినచో కాశి మాట మరల నెత్తరాదని నిశ్చయించుకొంటిమి.

మా యూరు రాజాము. 2022లో శ్రీకాకుళము జిల్లానుండి విడిపోయి విజయనగరము జిల్లాలో చేరినది. తాండ్ర పాపారాయుని పేరు చెప్పుకొను ఊరు. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలికోట కూలిననాడు ఆయన రాజాములోనే యుండెను. పిమ్మట విజయనగర ప్రభువును, ఆయన గుడారములోనే, రాత్రివేళ పొడిచి చంపెను. "గుడారంలో పడుకున్నవాళ్ళ గతి మన ఊరివాళ్ళకి తెలియనిదా?" అని మా అత్తగారు కొడుకుతో ననిరి. అందరము నవ్వితిమి. ఆమె రెండవ ప్రశ్నకు మాత్రము నవ్వు రాలేదు. "తెల్లవారుజామున నీ భార్య ఎక్కడికి వెళ్తుందిరా?"

మొదట తోటపల్లి ఆనకట్టవద్ద, నాగావళి యొడ్డున ఒక రాత్రి గడపుదమనుకొంటిమి. కాని 2018లో ఒడిశా వైపునుండి వచ్చిన ఏనుగులమంద పార్వతీపురము ప్రాంతమున పొలములపై పడి, ప్రాణనష్టము సయితము కలిగించిన సంగతి ఎరుగనివారెవరు? ఆ త్రోవ మానుకొంటిమి.

సంక్రాంతి పండుగ మూడవనాడు కారులో గుడారము, రెండు బొంతలు, చిన్న గ్యాసుపొయ్యి, ఇరువది లీటర్ల నీటిడబ్బా, అటుకులు, చోడిపిండి, పండుగకు మిగిలిన అరిసెలు సర్దుకొని బయలుదేరితిమి. పొందూరులో కొంతసేపు నిలిచితిమి. వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని శుభ్రముచేసి, సన్ననూలు వడకు స్త్రీల ఓర్పును వ్రాయబోయిన వేరొక వ్యాసమగును. శ్రీకాకుళము దాటి ప్రొద్దువాలునప్పటికి వంశధార సముద్రమున గలియు కళింగపట్టణము చేరితిమి.

ఇది ఒకప్పుడు నౌకలు నిలిచిన రేవు. నేడు దీపస్తంభమును, చేపల పడవలును, విశాలమైన యిసుకయు మిగిలినవి. కొబ్బరిచెట్ల నీడ ముచ్చటగా నున్నను, నడిరాత్రి నెత్తిపై కాయ రాలునేమో యని సరుగుడుతోటలో గుడారము వేసితిమి. వేయుట యనినంత సులభము కాదు. ఇసుకలో మేకు నిలువదు. అరగంట పెనుగులాడిన పిమ్మట ఒక మత్స్యకారవనిత చూచి, సంచులలో ఇసుక నింపి త్రాళ్ళకు కట్టి పాతిపెట్టుమని చెప్పినది. అట్లు చేయగా తెల్లవార్లు గాలి వీచినను గుడారము కదలలేదు.

దీపము వెలిగించబోగా ఆమెయే వారించినది. ఈ తీరమున శీతకాలపు రాత్రులలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. వెలుతురు చూచి తల్లి వెనుదిరుగును. పిమ్మట పుట్టిన పిల్లలు సముద్రమను భ్రమతో దీపమువైపు ప్రాకి చచ్చును. చీకటిలోనే అటుకులు తిని, అలల చప్పుడు వినుచు పండుకొంటిమి. తాబేలు కనబడలేదు. మావారు ఆ రాత్రి తమ చిన్ననాటి భయములను కొన్నింటిని చెప్పిరి. ముప్పదియొక్క యేండ్లలో వినని మాటలవి. ఇంటిలో వాటికి తీరిక యెక్కడిది?

తెల్లవారుజామున అత్తగారి ప్రశ్న యెదురుపడనే పడినది. పురుషులకు చెట్టుచాటు చాలును. చెంబు చేతబట్టుకొని చీకటిలో నిలుచున్న స్త్రీకి లోకమంతయు కన్నులుగా నుండును. ముందటి దినము త్రోవలో నొక పెట్రోలుబంకు మరుగుదొడ్డికి తాళము వేసియుండెను. ఆ మత్స్యకారవనిత యడుగకుండగనే తన ఇంటి దొడ్డి చూపకపోయినచో, ఈ ప్రయాణ మచ్చటనే ముగిసియుండెడిది. డబ్బు తీసికొనలేదు. అరిసెలు మాత్రము తీసికొన్నది.

ఉదయము సాలిహుండము కొండ యెక్కితిమి. వంశధారను చూచుచు బౌద్ధభిక్షువులు నివసించిన తావిది. ఇచ్చటి శిథిలములను 1919లో లోకమునకు తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఈ నదీతీరమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, వ్యవహారభాషకై జీవితమును ధారవోసిన ఆ మహనీయుడు మా యీ గ్రాంథికమును క్షమించుగాక.

అచ్చటినుండి విశాఖపట్టణపు అంచుననున్న కంబాలకొండ అభయారణ్యమునకు వెళ్లితిమి. ఒకప్పుడు విజయనగర మహారాజులది. నేడు అటవీశాఖవారి యధీనమున నున్నది. చిరుతపులులు కలవు. పగటివేళ నడచి సంతోషించితిమి. సోదరీమణులారా, ఒక సంగతి జ్ఞాపకముంచుకొనుడు: 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే అభయారణ్యమున ప్రవేశింపరాదు, నిప్పు రాజేయరాదు. ఇష్టము వచ్చినచోట గుడారము వేయుటకు అది మన పెరడు కాదు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటురోడ్డు ఎక్కితిమి. సిల్వరుఓకు చెట్లకు మిరియపుతీగలు, వాని నీడను కాఫీమొక్కలు. సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయలో నొక గిరిజన కుటుంబము తమ చేని ప్రక్క గుడారమునకు స్థల మిచ్చిరి. నీటిబోరు, మరుగుదొడ్డి కలవు. నీరు మోయు పని మావారిది. మూడవ బిందె మోయునప్పుడు నిలిచి, "రోజూ మన ఇంట్లో ఎన్ని బిందెలు మోసేదానివి, కుళాయి రాకముందు?" అని యడిగిరి. లెక్క చెప్పితిమి. నాలుగవ బిందెకు మాటాడలేదు.

ఆ రాత్రి చలికి బొంతలు చాలలేదు. గుడారపు కిటికీగుడ్డలన్నియు బిగించితిమి. అదియే పొరపాటు. నడిరాత్రికి మా యూపిరిలోని తేమయే పైగుడ్డకు పట్టి, చినుకులై మీద రాలినది. బొంతలు తడిసినవి. పరస్పరము నిందించుకొంటిమి, వ్రాయదగని మాటలు కొన్ని దొరలినవి. అంతట మావారు వెలుపలికి పోయి, ఆ యింటివారు అరుగుపై విడిచిన కుంపటిలో బొగ్గులూది, గుడారములోనికి తెచ్చుచుండిరి. ఎర్రని నిప్పు చూడగనే ప్రాణము లేచివచ్చినది. దానిని లోపల నుంచుటకు చోటుకూడ చేసితిమి.

చప్పుడు విని ఆ యింటి ముసలమ్మ వచ్చినది. మాటాడక కుంపటిని మావారి చేతినుండి లాగుకొని దూరముగా నుంచి, "లోపలెట్టీకండి బాబూ, నిద్రలోనే పోతారు" అన్నది. మూసిన చోట మండిన బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరియాడకున్నట్లు తోపకుండగనే నిద్ర గాఢమై ప్రాణము పోవును. ఇది చదివియే యుంటిమి. చలిలో చదువు జ్ఞాపకము రాలేదు. బాలింతగదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టు అలవాటు మన యిండ్లలో నింకను గలదు. ఈ పత్రిక చదువువారు ఆ గది కిటికీ యొకటి యిప్పుడే తెరవవలెనని ప్రార్థన.

ముసలమ్మ మమ్ము తన వంటయింటిలో, తలుపు తెరచియుంచి, పొయ్యివద్ద కూర్చుండబెట్టి వేడి అంబలి యిచ్చినది. తెల్లవారువరకు ఇద్దరము ఒక్క మాటయు నాడలేదు. సూర్యోదయమున మావారు, "నువ్వు వద్దంటే కాశి మానేద్దాం" అనిరి. నిజముగా మానివేయుటకు మన సొప్పలేదు.

విజయనగరము, చీపురుపల్లి మీదుగా వచ్చుచు ఒడంబడిక చేసికొంటిమి. మరుగుదొడ్డి గల ఇల్లు కనుచూపుమేరలో లేనిచోట గుడారము వేయరాదు. చలిప్రాంతములలో సత్రములే శరణ్యము. గుడారపు కిటికీలు ఎంత చలియైనను కొంత తెరచియుంచవలెను. స్నానమునకై నిలువు గుడారము చిన్నది వేరొకటి కొనవలెను. కార్తికము వెళ్లిన పిమ్మట ప్రయాణము.

ఇల్లు చేరి గుడారమును పెరటిలో నెండవేసితిమి. సాయంకాలము మా అత్తగారు చేతికర్రతో ఆ గుడ్డను తట్టిచూచి, "దీనికి తాళం ఎక్కడ వేస్తారే?" అని యడిగిరి. జిప్పు లాగి చూపితిమి. రెండుమూడుసార్లు తామే లాగి చూచుకొని, లోపల ఎందరు పట్టుదురని యడిగిరి.