గేటు దాటే మట్టి

నర్సరీ వాళ్లు మొక్కలు అమ్ముతారని అందరూ అనుకుంటారు. తూకం వేసి చూస్తే మేం ఎక్కువగా అమ్మేది మట్టే. ఆరు బై ఎనిమిది కవరులో సుమారు కిలోన్నర మట్టి పడుతుంది. వెయ్యి మొక్కలు అమ్ముడుపోయాయంటే టన్నున్నర మట్టి గేటు దాటినట్టు. ఆ మట్టి ఏ చెరువులోనో, ఏ గుట్ట పక్కనో తవ్వి తెచ్చింది. అందులో కలిపే ఇసుక మన స్వర్ణముఖిది. పచ్చదనం పెంచుతున్నామని చెప్పుకుంటూ ఏటికి, గుట్టకు గుంటలు పెట్టే హక్కు మనకు లేదు. తిరుచానూరులో నర్సరీ నడుపుతూ నేను నేర్చుకున్నదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు మొదటిరోజే ఇది చెబుతాను.

పాత పద్ధతిలో కవరుకు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు. ఇప్పుడు మా దగ్గర ఎర్రమట్టి ఒక్క పాలే. ఇసుక పూర్తిగా మానేశాం. మిగతాది చాలావరకు కొబ్బరిపొట్టు, వేరుశనగ పొట్టు, పూల కంపోస్టు.

కొబ్బరిపొట్టు దిమ్మ ఐదు కిలోలది నానబెడితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. తేలిక, నీళ్లు బాగా పట్టుకుంటుంది. కానీ దాంట్లో ఉప్పుంటుంది. కషాయం రంగు పోయేదాకా మంచినీళ్లతో కడిగి పిండాల్సిందే. ఒకసారి వచ్చిన లోడు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కవర్లు నింపేయడానికి కుర్రాళ్లు సిద్ధమయ్యారు. నేను ఆపి, ఒక ట్రేలో నింపి గుప్పెడు పెసలు చల్లాను. నాలుగైదు రోజులకు మొలకలు వచ్చాయి గానీ ఆకుల అంచులు మాడిపోయాయి. ఆ లోడంతా మళ్లీ కడిగించాం. కొత్త మిశ్రమం ఏది వచ్చినా ముందు పెసలు చల్లండి. ల్యాబు రిపోర్టు వచ్చేలోపే అవి సంగతి చెప్పేస్తాయి.

వేరుశనగ పొట్టు మన సీమ సొత్తు. కాయలు ఒలిచే మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది. పచ్చిగా కవర్లో వేస్తే మొక్క పసుపెక్కిపోతుంది. పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని ముందే లాగేసుకుంటాయి. అందుకే పేడనీళ్లు పోస్తూ, తిరగేస్తూ కొన్ని నెలలు మాగబెట్టాలి. చేతిలో నలిపితే పొడి అవ్వాలి, వాసన వానకు తడిసిన నేల వాసన రావాలి. అప్పుడది పనికొస్తుంది.

ఇక పూలు. అమ్మవారి ఊరు కదా, ముహూర్తాల కాలంలో కల్యాణమండపాల నుంచి బంతి, చామంతి మోపులు మోపులుగా వస్తాయి. టీటీడీ 2021లో ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించడం మొదలుపెట్టింది. మండపాల పూలకు మాత్రం మాలాంటి వాళ్లే దిక్కు. పూలు ఒట్టిగా కుప్ప పోస్తే కంపు కొడతాయి. ఒక గంప పూలకు రెండు గంపల ఎండుటాకులు, మధ్యమధ్య పేడ. వేడి చల్లారాకే ఎర్రలను వదలాలి. అసలు కష్టం దారాలు తీయడం. ఈ మధ్య దండలకు ప్లాస్టిక్ దారమే వాడుతున్నారు. మా దగ్గర పనిచేసే అక్క ఒకామె కూర్చుందంటే ఒక్క పోగు వదలదు. ‘ఒక దారం మట్టిలోకి పోతే మళ్లా బయటికి రాదు మా’ అంటుంది. మా కంపోస్టుకు మంచి పేరొచ్చిందంటే అది ఆమె వేళ్ల పనితనమే.

ఎరువు తయారయ్యాక నారుకుళ్లు రాకుండా 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి గోనెపట్టాలు కప్పి వారం పదిరోజులు నీడలో ఉంచుతాం. దీన్ని కవర్ల మిశ్రమంలో కలిపినప్పటి నుంచి మందు డబ్బాలకు పెట్టే ఖర్చు బాగా తగ్గింది.

నీళ్ల పని నాకు నేర్పింది కడియం నుంచి వచ్చిన అంటు మేస్త్రి. ఆయన పైపు నా చేతికి ఇవ్వడానికి చాలాకాలం పట్టింది. ‘ముందు కవరు ఎత్తి చూడమ్మాయ్, దాహమేసిందో లేదో అదే చెప్పుద్ది’ అనేవారు. బరువుగా ఉంటే వదిలెయ్యాలి. తేలిపోతే పట్టాలి. పై మట్టి పొడిగా కనిపించిందని నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ మొక్కల్ని చంపుతారు. కత్తెర ఎండల్లో ఇంకో జాగ్రత్త. ఎండలో పడున్న పైపులోని మొదటి నీళ్లు మరుగుతుంటాయి. కొత్తగా చేరిన కుర్రాడొకడు మధ్యాహ్నం పూట ఆ నీళ్లే చామంతి నారుకు పట్టాడు. సాయంత్రానికి మడంతా వాలిపోయింది. మొదటి నీళ్లు డ్రమ్ములోకి వదిలి, చల్లబడ్డాకే మొక్కకు పట్టాలి.

దాహాన్ని బట్టి మొక్కల్ని విడగొట్టడం కూడా ఆయన నేర్పిందే. గన్నేరు, నూరువరహాలు ఒకవైపు. క్రోటన్లు, ఫెర్నులు షేడ్ నెట్ కింద ఇంకోవైపు. అన్నీ కలిపి పెడితే గన్నేరు వేరు కుళ్లుతుంది, లేదంటే ఫెర్ను ఎండుతుంది. నేలను కొంచెం వాలుగా చేసి, కవర్ల నుంచి కారిన నీళ్లు ఒక గొయ్యిలోకి చేరేలా కాలువ తీశాం. మన దగ్గర పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవే. 2021 నవంబరులో స్వర్ణముఖి ఊళ్ల మీదికి ఎలా వచ్చిందో తిరుచానూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. అంత నీళ్లూ ప్రవహించి వెళ్లిపోయాక, ఎండాకాలంలో మళ్లీ బోరు వైపే చూశాం. ఆ తర్వాతే వాననీళ్లు కూడా నిలిచేలా గొయ్యిని పెద్దది చేయించాను.

మొక్కలన్నీ కడియం నుంచి లారీలో తెప్పించడం తేలికే. కానీ గోదావరి ఒండ్రుమట్టిలో, ఆ తేమలో పెరిగిన మొక్క ఇక్కడ దిగగానే మన ఎండకు సొమ్మసిల్లుతుంది. రెండు మూడు వారాలు నీడలో ఉంచి మెల్లగా ఎండకు అలవాటు చేశాకే అమ్మాలి. అంతకంటే మేలు, వీలైనవి ఇక్కడే పెంచడం. జూన్, జూలైల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి టెంకలు కుప్పలుగా దొరుకుతాయి. తాజాగా ఉండగానే నాటాలి, నిలవుంటే మొలక చస్తుంది. మొలక ఇంకా రాగిరంగులో ఉండగానే అంటు కట్టొచ్చు. పుల్ల కోయబోయే కొమ్మకు వారం పదిరోజుల ముందే ఆకులు తీసేయాలి, అప్పుడు మొగ్గ ఉబ్బుతుంది. పుల్ల మొనను కోసుగా చెక్కేటప్పుడు కత్తి ఒక్క గీతలో దిగాలి. రెండోసారి చెక్కితే సందు పడుతుంది, అంటు అతకదు. నా చేత్తో కట్టిన మొదటి వరసలో చిగుళ్లు విచ్చుకున్నప్పుడు మేస్త్రి ఒక్కో అంటునూ వంగి చూసి, తన కత్తిని నాకు ఇచ్చేశారు. ఇప్పటికీ దాంతోనే కడతాను.

మన శేషాచలం మొక్కల్ని పెంచడం ఇంకో బాధ్యత. ఎర్రచందనం కాయకు రెక్కలు కత్తిరించి, మూడు రోజులు పేడనీళ్లలో నానబెడితే మొలక శాతం పెరుగుతుంది. కొండమీది పేరీత మొక్క మాత్రం అడవి నుంచి తెచ్చి ఎవరు అమ్మజూపినా కొనకండి. అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన నిషేధం ఉన్న మొక్కల జాబితాలో ఉందది. దాన్ని కొనే నర్సరీ కొండను దోచినట్టే.

కవర్లూ తిరిగి రావాలి. తెచ్చిన కుండీకి, మందపాటి కవరుకు రేటులో తగ్గింపు ఇస్తాం. బ్లీచింగు నీళ్లలో కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడతాం. గుడి దగ్గర దొరికే కొబ్బరిచిప్పల్లో అడుగున బెజ్జం వేసి తులసి నారు పెడతాం. దూరం నుంచి వచ్చిన భక్తులు సంచిలో పెట్టుకుపోవడానికి అదే అనువు.

చివరిగా, నీళ్లు ఎక్కువ తాగే లాన్ కావాలని వచ్చేవాళ్లకు నందివర్ధనం, పారిజాతం, పొగడ చూపించండి. బోరు ఎంత లోతుందో అడగండి, ఎండ ఎటు పడుతుందో అడగండి, ఆ తర్వాతే మొక్క చేతిలో పెట్టండి. ఆ రోజు బేరం కొంచెం తగ్గొచ్చు. కానీ చచ్చిపోయే మొక్కను అమ్మితే, దాంతో వెళ్లిన మట్టి, నీళ్లు, మేస్త్రి శ్రమ అన్నీ దండగ. బతికే మొక్కను అమ్మండి. మా పాత గిరాకీలు ఏడాది తర్వాత ఆ మొక్క ఫోటో పట్టుకుని, కవరు వాపసు ఇస్తూ, ఇంకోటి కొనడానికి వస్తారు. నర్సరీ నిలబడేది వాళ్ల మీదే.