అటక మీది తుపాకి

నాయిన 2023 సెప్టెంబర్ 23న చనిపోయాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో, తన మంచం మీదే పోయాడు. ఆ తర్వాతి మూడు వారాల సంగతి రాస్తున్నా. పాత పటేళ్ల ఇళ్లలో, దొరల గడీల్లో పాత తుపాకులు ఇంకా ఉన్నాయి. రేపు అటక ఎక్కేది మీరే కావచ్చు.

మా తాత పోలీస్ పటేల్. ఇంట్లో తుపాకులుండటం మాకు వింత కాదు. నాయిన లైసెన్స్ మీద మూడు ఉండేవి. ఇంగ్లండ్‌లో తయారైన ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ ఒకటి. త్రీ వన్ ఫైవ్ రైఫిల్ ఒకటి. మూడోది .455 వెబ్లీ రివాల్వర్. అది వనపర్తి సంస్థానం కొలువులో పనిచేసిన నాయిన మేనమామది. దసరా నాడు మూడింటినీ పీట మీద పెట్టి జమ్మి ఆకు వేసేవాళ్లం. వాటి గురించి నాకు తెలిసింది అంతే.

2019 డిసెంబర్‌లో ఆయుధాల చట్టం మారింది. ఒక మనిషికి మూడు బదులు రెండే అన్నారు. వారసత్వంగా వచ్చినా రెండే. మూడోది ఏడాదిలోపు ఠాణాలో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. కరోనా రోజుల్లో నాయిన హైదరాబాద్ వెళ్లి త్రీ వన్ ఫైవ్‌ను ఒక డీలర్‌కు అప్పగించి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

అప్పుడే అడగాల్సింది. 2016 నిబంధనల ప్రకారం డెబ్బై ఏళ్లు నిండినవాళ్లు, లేదా తుపాకి ఇరవై అయిదేళ్లుగా తమ దగ్గరున్నవాళ్లు, బతికుండగానే వారసుడి పేరు రాసి లైసెన్స్ అతనికి ఇప్పించవచ్చు. నాయినకు ఏడేళ్ల టైముంది. ఒకసారి కదిలిస్తే, ‘నేను సచ్చినంక చూసుకో’ అన్నాడు. నేను మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో చావు గురించి మాట్లాడటం నాకూ ఇష్టం లేకపోయింది.

అక్టోబర్ 3న పదకొండో రోజు అయింది. చుట్టాలు వెళ్లిపోయారు. 5వ తారీకు పొద్దున ఇత్తడి సామాను లెక్కపెడదామని అటక ఎక్కాను. వెనక మూలలో, పాత గుమ్మి చెక్కల కింద, నల్ల గొంగడిలో చుట్టిన పొడుగాటి మూట ఉంది. ఎత్తితే బరువు. నాలుగు కిలోలకు తక్కువ ఉండదు. విప్పాను. ఆముదం వాసన వచ్చింది.

త్రీ నాట్ త్రీ. చిన్నప్పుడు ఠాణా ముందు కానిస్టేబుళ్ల భుజాన చూసిన తుపాకే అది. చెక్క నల్లబడింది గానీ ఇనుముకు తుప్పు లేదు. మడమ దగ్గర ఇత్తడి రేకు. బోల్టు పక్కన కిరీటం ముద్ర, జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు, ఇషాపూర్, 1942. బోల్టు పిడి మీద, కిందున్న ఇనుము మీద ఒకే నంబర్. గుడ్డ సంచిలో కిలుం పట్టిన తూటాలు, ఐదేసి చొప్పున రెండు క్లిప్పులు. కాగితం ముక్క మాత్రం లేదు. నాయిన లైసెన్స్‌లో ఈ నంబర్ లేదు.

అది తాత కాలంలోనే వచ్చి ఉండాలి. 1946 నుంచి 1951 దాకా మా నల్లగొండ జిల్లాలో తుపాకి లేని వైపు లేదు. దొరల మనుషుల దగ్గర, రజాకార్ల దగ్గర, కమ్యూనిస్టు దళాల దగ్గర, 1948 సెప్టెంబర్ తర్వాత యూనియన్ మిలిటరీ దగ్గర. మా తాత దగ్గరికి అది ఎవరి చేతిలోంచి వచ్చిందో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఎవరి మీదికి గురిపెట్టారో కూడా. ఆ కాలంలో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. వాళ్ల పిల్లలతో కలిసి చదువుకున్నాను. ఆ మాట గుర్తొచ్చాక తుపాకి మీద చెయ్యి నిలవలేదు.

కిందికి దిగి హవల్దార్ కాకను పిలిచాను. మా వాడకట్టు మనిషే, మిలిటరీలో పనిచేసి వచ్చాడు. ఆయన నిచ్చెన మీద నిలబడి చూశాడే తప్ప ముట్టలేదు. ‘లోపల గుండు ఉన్నట్టే అనుకో. బోల్టు గుంజకు. నోరు గోడ దిక్కు ఉందా, ఉంది. గట్లనే ఉండనీ’ అన్నాడు. నేను అప్పటికే ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. చేతులు వణికాయి. ‘ఠాణాకు పోరా’ అని ఆయన ఆ రోజే చెప్పాడు. నేను పోలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదటి రెండు రోజులు ఏమీ చేయలేదు. పశువుల కొట్టంలో పడుకున్నాను. రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేవాణ్ని. మూడో రోజు ఒక బంధువుకు చెప్పాను. ‘మోట బాయిల ఏస్తే అయిపోతది, ఎవనికి తెలుస్తది’ అన్నాడు. నిజంగానే ఆ రాత్రి బావి దాకా నడిచాను. ఎండాకాలం పూడిక తీసే కూలీలు గుర్తొచ్చి తిరిగొచ్చాను.

నాలుగో రోజు తుపాకులు తెలిసినవాడని ఒకాయన ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారో తెలియదు. లక్షలు ఇస్తామన్నాడు, కాగితాలు తానే చూసుకుంటానన్నాడు. నేను వద్దు అనలేదు, ఆలోచించి చెప్తానన్నాను. ఆ రాత్రి బిడ్డ ఇంజనీరింగ్ ఫీజు లెక్క వేసుకున్నాను.

ధర గురించి తర్వాత తెలుసుకున్నది ఇక్కడే చెప్తాను. పాత తుపాకికి ధర కట్టేటప్పుడు తయారుచేసిన కంపెనీ పేరు, గొట్టం లోపల గుంటలు, అన్ని భాగాల మీద నంబర్ ఒకటేనా, చెక్క అసలుదేనా అని చూస్తారు. 1980ల నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది గనక ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్‌కు గిరాకీ ఎక్కువ. కానీ కొనేవాడికి ఆ రకం తుపాకికి లైసెన్స్ ఉండాలి. సర్కారు ఫౌజు తూటా పట్టే .303, .455 లాంటివి నిషేధిత బోరు. వాటిని కొనగల మనిషి దాదాపు ఉండడు. పైగా నా త్రీ నాట్ త్రీకి పుట్టుకే లేదు కాగితం మీద. దానికి ఎవడైనా డబ్బు ఇస్తానన్నాడంటే అది తుపాకి ధర కాదు. అది ఎక్కడో పేలితే నేను కట్టాల్సిన ధర.

అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. మర్నాడే కానిస్టేబుల్ ఫోన్: ‘పటేల్ సార్ తుపాకులు జమ చెయ్యాలె.’ నాయిన పోయాడని చెప్పాను. అసలు లైసెన్స్ ఉన్న మనిషి పోగానే వాటిని ఆలస్యం లేకుండా జమ చేయాలట. అదీ నాకు తెలియదు. 12న డబుల్ బ్యారెల్, రివాల్వర్ తీసుకెళ్లి రసీదు తీసుకున్నాను. రాసుకుంటూ కానిస్టేబుల్ తలెత్తకుండానే అడిగాడు, ‘ఇంకేమన్న ఉన్నయా ఇంట్ల?’

‘లేవు’ అన్నాను.

బయటికొచ్చి బండి స్టార్ట్ చేయలేకపోయాను. అక్కకు ఫోన్ చేశాను. మాట రాలేదు, ఏడ్చాను. యాభై రెండేళ్ల వాణ్ని, ఠాణా గేటు ముందు నిలబడి ఏడ్చాను.

అక్క మహబూబ్‌నగర్ నుంచి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. తిట్టలేదు. అన్నం పెట్టింది. సాయంత్రం నన్ను దేవరకొండలో ఒక వకీలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె మొత్తం విని చట్టం చెప్పింది. లైసెన్స్ లేని మామూలు తుపాకికే కనీసం రెండేళ్లు. నిషేధిత ఆయుధం కింద పడితే కనీసం ఏడేళ్లు. పనికిరాని పాత ఆయుధాలకు మినహాయింపు ఉంది గానీ, బాగుచేస్తే పేలేదైతే ఆ మినహాయింపు దొరకదు. పనికొస్తుందో రాదో తేల్చేది నేను కాదు. నాకు నోరెండిపోయింది. ఆమె తెల్ల కాగితం తీసింది. ‘నువ్వు చూసిన తారీకు రాయి. బావి దాకా పోయింది రాయి. లేదని చెప్పింది కూడా రాయి. వాళ్లు కనిపెట్టేలోపు నువ్వే చెప్పాలి’ అంది. రాత్రి పదకొండింటి దాకా మూడుసార్లు రాయించింది. డబ్బులిస్తే తర్వాత చూద్దామంది.

అక్టోబర్ 14 పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మ. ఊళ్లో ఆడపిల్లలు తంగేడు పూలు తెస్తున్నారు. మైల ఏడాది గనక మా ఇంట్లో బతుకమ్మ లేదు. అక్క, నేను, హవల్దార్ కాక, వకీలమ్మ ఠాణాకు వెళ్లాం. దరఖాస్తు రెండు ప్రతులు. ఒకదాని మీద ముద్ర వేయించుకునే దాకా వకీలమ్మ కుర్చీలోంచి లేవలేదు. ఎస్సై రెండుసార్లు చదివి, ‘మొన్న లేవంటివి కదా’ అన్నాడు. ‘అబద్ధం చెప్పాను సార్’ అన్నాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చారు. ఇద్దరు పంచులు, ఫొటోలు. వాకిట్లో సగం ఊరు. ఆయుధాలు తెలిసిన ఒక హెడ్ కానిస్టేబుల్ బోల్టు వెనక్కి లాగాడు. ఛాంబర్‌లో ఒక తూటా ఉంది. ఆ తుపాకినే నేను తొమ్మిది రోజుల కింద ఒళ్లో పెట్టుకుని నంబర్ చదివాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

కేసు రాశారు. అరెస్ట్ చేయలేదు, నోటీసు ఇచ్చి పంపారు. తుపాకి పరీక్షకు హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లింది. పేలే స్థితిలోనే ఉందని వచ్చింది. ఇలాంటి కేసు కోర్టులో నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఫైలు నల్లగొండకు వెళ్లింది. ఎనిమిది నెలలు. ఐదుసార్లు పిలిచారు. ప్రతిసారీ అక్క మహబూబ్‌నగర్ నుంచి బస్సులో వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఒక్కణ్నే ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లగలిగేవాణ్ని కాదు. 2024 జూన్‌లో అనుమతి రాలేదని, కేసు మూసేస్తున్నామని చెప్పారు. తుపాకి సర్కారుకు పోయింది. బోల్టు లాగిన ఆ హెడ్ కానిస్టేబుల్ ఒకరోజు ఠాణా మెట్ల మీద నాకు మంచినీళ్ల సీసా ఇచ్చి, ‘మా తాత ఇంట్ల గూడ ఉండె’ అన్నాడు. ఆ మాటకు నేను ఆయనకు రుణపడ్డాను.

మిగిలినవాటి సంగతి తొందరగా తేలలేదు. డబుల్ బ్యారెల్ నా పేరు మీదికి రావడానికి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, అక్క, అమెరికాలో ఉన్న తమ్ముడు అభ్యంతరం లేదని ఇచ్చిన అఫిడవిట్లు కావాల్సి వచ్చాయి. త్రీ వన్ ఫైవ్‌ను డీలర్ ద్వారా లైసెన్స్ ఉన్న మనిషికి అమ్మి ముగ్గురం పంచుకున్నాం. రివాల్వర్ నిషేధిత బోరు గనక ఢిల్లీలో హోం శాఖ దాకా పోవాలి. నేను దరఖాస్తు పెట్టలేదు. వదిలేశాను. అది మంచి వస్తువని, దానికి చరిత్ర ఉందని తమ్ముడు ఫోన్‌లో బాధపడ్డాడు. నాకూ బాధే. కానీ ఇంకొక్క కాగితం కోసం ఆ బెంచీ మీద కూర్చునే బలం నాకు లేదు.

పోయిన సంక్రాంతికి సున్నం వేయించడానికి అటక ఖాళీ చేయించాం. గుమ్మి చెక్కల సందులో గొంగడి పీలిక ఒకటి దొరికింది. దులిపితే తూటా ఒకటి నేల మీద పడి దొర్లింది. పనివాళ్లను బయటికి పంపించాను. మోకాళ్లు వణికితే అక్కడే గోడకానుకుని కూర్చున్నాను. ముందు వకీలమ్మకు, తర్వాత ఠాణాకు ఫోన్ చేశాను. ఆ పొద్దే చేశాను.