రాయవేలూరులో మిషన్ల చదువు

తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే రైల్లో చాలామంది చేతుల్లో టిక్కెట్టుతోపాటు స్కాన్ రిపోర్టుల కవరు కూడా ఉంటుంది. చిత్తూరు సీమలో 'రాయవేలూరు పోవడం' అంటే ఊరు చూడ్డానికి కాదు, పెద్దాసుపత్రికి పోవడమనే అర్థం.

పాకాలలో ఎక్కిన ఓ పెద్దావిడ కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా ఉంది. పక్షవాతం వచ్చి ఏడాదైంది. తోడొచ్చిన మేనల్లుడు బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థి. "నువ్వు సదివేది మిషన్ల సదువే కదరా. ఈ చెయ్యి కదిలించే మిషను యాడన్నా ఉందేమో చూడరాదా?" అందావిడ. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పాడు. నాలుగేళ్లలో అతడు వెంటిలేటర్‌ను పుస్తకంలో బొమ్మగానే చూశాడు. ఇంటర్న్‌షిప్ పేరిట రెండు వారాలు ఓ ప్రైవేటు ఆస్పత్రి స్టోర్‌రూమ్‌లో పరికరాల నంబర్లు రాసుకుని, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు.

ఈ లోటుకు మందు కొత్తదేమీ కాదు. కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు జీతంతో కూడిన పని అనే 'కో-ఆప్' పద్ధతిని హెర్మన్ ష్నైడర్ 1906లోనే అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. కెనడాలోని వాటర్లూ, ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ వంటి చోట్ల ఇంజనీరింగ్ చదువులో అది విడదీయరాని భాగం. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా వచ్చే ప్రయత్నాన్ని చూడాలంటే కాట్పాడిలో దిగాలి.

ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే పాలారు వంతెన దాటితే వేలూరు. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఎదుటి వీధుల్లో లాడ్జీల బోర్డులు తమిళంతోపాటు బెంగాలీ, హిందీ, తెలుగుల్లో పలకరిస్తాయి. చేపల పులుసు హోటళ్లు, మందుల షాపులు, గదుల్లో వంట చేసుకునేవారికి గిన్నెలు అద్దెకిచ్చే దుకాణాలు... ఊరి బజారు సగం రోగుల మీదే నడుస్తోంది. 1900లో ఇడా స్కడర్ తెరిచిన చిన్న డిస్పెన్సరీ పెరిగి పెద్దదై ఈ ఊరికి ఊపిరైంది.

ఇక్కడ వైద్యానికీ ఇంజనీరింగ్‌కీ బంధుత్వం పాతదే. 1946లో వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకర వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేశారు. స్పర్శ తెలియని పాదాలకు పుండ్లు పడకుండా మెత్తని రబ్బరు చెప్పుల కోసం కుస్తీపట్టారు. చెప్పు కూడా వైద్య పరికరమేనని ఈ ఊరు అలా నేర్చుకుంది.

ఆ వారసత్వానికి ఇప్పటి రూపం క్లినికల్ ఇంజనీరింగ్ ఎం.టెక్. మద్రాసు ఐఐటీ, వేలూరు సీఎంసీ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కలిసి నడిపే కోర్సు ఇది. విద్యార్థులు మూడుచోట్లా చదవాలి. లెక్కలు ఐఐటీలో, రోగి ఆస్పత్రిలో, పరికరం తయారీ శ్రీచిత్రలో. డాక్టర్ వెంట వార్డులో తిరిగితేగానీ ఏ పరికరం ఎక్కడ అక్కరకొస్తుందో తెలియదన్నది దీని సూత్రం.

శ్రీచిత్ర సంస్థే అందుకు సాక్ష్యం. అక్కడ సర్జన్ వలియత్తాన్ నాయకత్వంలో డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి గుండె కవాటానికి రూపమిచ్చారు. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది 1990 డిసెంబర్‌లో తొలిసారి ఓ రోగి గుండెలోకి చేరింది. అన్నిసార్లు ఓడిపోయే వీలు, ఓపిక దొరకడమే ఆ చదువులోని అసలు పాఠం.

అయితే ఈ తలుపు గేట్ పరీక్ష దాటినవారికే, అదీ కొద్దిమందికే తెరుచుకుంటుంది. ఆ పరీక్షలో బయోమెడికల్‌కు ప్రత్యేక పేపర్ వచ్చింది కూడా 2020లోనే. మిగతావారి సంగతేమిటి? మన ఆస్పత్రుల్లోని పరికరాల్లో సింహభాగం దిగుమతులే కావడంతో, చాలామందికి దొరికేవి వాటిని అమ్మే, మరమ్మతు చేసే ఉద్యోగాలే. వీటిని తక్కువగా చూడనక్కర్లేదు. ప్రభుత్వాస్పత్రుల పరికరాలను లెక్కిస్తే, రాష్ట్రాన్నిబట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదని తేలింది. అందుకే కేంద్రం 2015లో నిర్వహణ పథకం తెచ్చింది. మూలనపడ్డ మిషన్‌ను నడిపించగలిగినవాడు కూడా ప్రాణదాతే.

కొత్త దారులూ తెరుచుకుంటున్నాయి. 2018లో అమల్లోకొచ్చిన వైద్య పరికరాల నిబంధనలతో నాణ్యత పరీక్షలు, అనుమతుల పత్రాలు తెలిసినవారికి గిరాకీ ఏర్పడింది. విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ శివార్లలో సుల్తాన్‌పూర్ పార్కు తెలుగు విద్యార్థులకు ఇంటిపక్క అవకాశాలు. కానీ పార్కు గేటుకూ కాలేజీ గేటుకూ మధ్య దారి ఉండాలి. ఆర్నెల్లు ఆస్పత్రిలోనో ఫ్యాక్టరీలోనో స్టైపెండుతో పనిచేస్తేనే డిగ్రీ అన్న నియమం ఉంటే రెండు వారాల సర్టిఫికెట్లకు కాలం చెల్లుతుంది.

సాయంత్రం ఆస్పత్రి గేటు దగ్గర అత్తా అల్లుడూ మళ్లీ కనిపించారు. కుర్రాడు ఫోన్‌లో ఆమెకు ఓ బొమ్మ చూపిస్తున్నాడు. మద్రాసు ఐఐటీ, సీఎంసీ కలిసి రూపొందించిన ప్లూటో అనే చిన్న రోబో. పక్షవాతం రోగుల చేతికి వ్యాయామం చేయించేది.

"దీన్ని చేసినోళ్లు యాడుంటారు?"

"సగం మంది మద్రాసులో. సగం మంది ఇక్కడే అత్తా."

ఆమె గేటు వైపు చూసింది. తర్వాత అల్లుణ్ని చూసి, "మరి నిన్ను లోపలికి రానీరా?" అని అడిగింది.

ఈసారి కుర్రాడు నవ్వలేదు.