ప్రకృతియు దైవవిశ్వాసమును

దేవుడు కలడని యొప్పుకొనుట వేఱు, దేవుని నమ్ముకొని బ్రదుకుట వేఱు. మొదటిది బుద్ధితో నగు పని. రెండవది జీవితమంతయు చేయవలసిన పని. ఈ భేదమును మేము గ్రంథములవలన గాక, కోనసీమలోని యొక కొబ్బరితోటవలన నేర్చుకొంటిమి. చదువరులు మన్నింతురేని యా వృత్తాంతమును మనవి చేసెదము.

బాల్యమున మాకు తర్కము చెప్పిన గురువుగారు ఉదయనాచార్యుల వాదమును బోధించిరి. కుండ కార్యము గనుక దానికి కుమ్మరి కర్తయైనట్లు, భూమియు కార్యము గనుక దానికొక కర్త యుండవలెనని యా వాదసారము. తరువాత కళాశాలలో, పేలీ యను నాంగ్ల మతాచార్యుడు 1802వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమును చదివితిమి. గడియారమును జూచినవాడు దానిని చేసినవాడొకడు కలడని యూహింపక తప్పదని యాయన యుక్తి. రెండు వాదములును చక్కనివే. కాని యవి కర్తను స్థాపించునే గాని, ఆ కర్తకు మనయందు దయ కలదని స్థాపింపవు. కుమ్మరి తాను చేసిన కుండను తానే పగులగొట్టుటయు లోకమున కలదు గదా!

ఈ సందేహము మాకు గాలివానవలన గలిగెను. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ తీరమును దాటెను. అప్పటికి మాకు పదునాఱేండ్లు. సముద్రముపై వేటకు పోయినవారును, తీరగ్రామములవారును వందలకొలది ప్రాణములు గోల్పోయిరి. కొబ్బరిచెట్లు లక్షలకొలది కూలినవి. తెల్లవారి చూచునప్పటికి మా రెండెకరముల తోటలో నిలిచిన చెట్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మా చదువునకును, మా యక్కగారి వివాహమునకును ఆ తోటయే యాధారము.

ఆ యేడు మా యూరిలో నొక వితంతువు పునర్వివాహము చేసికొనియుండెను. ఆమె పాపమే యూరిని ముంచినదని కొందఱు పెద్దలనిరి. ఆమెను బావిచెంతకు రానీయరైరి. మా తాతగారు చదువుకొన్నది స్వల్పమే గాని, వీరేశలింగము పంతులుగారి కథ యెఱిగినవారు. ఆయన వారి నడుమ నిలిచి, పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881లో గదా, కోరంగిని ఉప్పెన ముంచినది 1839లో గదా, ఆనాడు పాపము చేసిన వితంతువెవ్వరని యడిగిరి. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆ సాయంకాలము ఆయన తన చేతితోనే నీరు తోడి యామె బిందె నింపిరి.

మాకు మాత్రము సంతోషము కలుగలేదు. గాలి యామె యింటి కప్పును, ఆమెను నిందించినవారి కప్పును, గుడి యెదుటి రావిచెట్టును సమముగనే పడగొట్టెను. పాపమును జూడని గాలి పుణ్యమును మాత్రము చూచునా? చూడనిచో ప్రార్థన యెందులకు? నాటినుండి మేము సంధ్యవేళ కనులు మూసికొనుట మానితిమి.

మరుసటి తొలకరికి తాతగారు గోతులు త్రవ్వించి కొబ్బరిమొక్కలు నాటసాగిరి. ఆయనకు డెబ్బదియేండ్లు దాటినవి. కాపునకు ఆఱేడేండ్లు పట్టును. "తాతయ్యా, మళ్లీ గాలివాన వస్తేనో?" అని యడిగితిమి. ఆయన మట్టిచేతులు దులుపుకొని యిట్లనిరి:

"వస్తాది రా. వస్తాదని మానేస్తే యీ ఊరే లేదు. కాయ పాతితే మొలకొస్తాది. ఆ మాట ఆయన ఎప్పుడూ తప్పలేదు."

ఈ వాక్యార్థము మాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది. మేము క్రూరతయని తలచినది ఇచ్చిన మాట తప్పకుండుటయే. మ్రొక్కుబడికి లొంగి గాలి దారి మార్చుకొనునదైనచో, నేడు మొలకెత్తిన గింజ రేపు మొలకెత్తునను నమ్మక మెవ్వరికుండును? ధనికుని మ్రొక్కునకు దీని నియమము తప్పునేని, పేదవాడు విత్తనము చల్లుటకే జంకును. మనము నిలిచియున్న యీ లంకభూములు వేలయేండ్ల వరదలు తెచ్చిన యొండ్రుమట్టియే. 1833 ప్రాంతమున క్షామముచే మాడిన యీ సీమకు, కాటన్ దొరగారు 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి నీరందించుటయు, నీరు తన ధర్మము తప్పదను నమ్మకము మీదనే. దేవుడు దిగివచ్చి గట్టు వేయడు. వేసిన గట్టు నిలుచునట్లు మట్టికి గుణము నిచ్చినాడు. తక్కినది మన పని. కావున దైవమును నమ్మినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు.

2022వ సంవత్సరము జూలైలో ధవళేశ్వరము వద్ద గోదావరి 17.75 అడుగుల మూడవ ప్రమాద సూచికను దాటి, సెకనునకు 25 లక్షల ఘనపుటడుగులకు మించి ప్రవహించెను. లంకలవారిని పడవలపై దెచ్చి, మేము పనిచేయు పాఠశాలలో నుంచిరి. ఆ రాత్రి యొక బాలుడు మా చేయి పట్టుకొని, "మేష్టారూ, దేవుడు గోదాట్లో ఉన్నాడా, మమ్మల్ని తెచ్చిన పడవలో ఉన్నాడా?" అని యడిగెను. కుమ్మరి మాటగాని గడియారపు మాటగాని మాకు నోట రాలేదు. "గోదారి పారేదీ, పడవ తేలేదీ ఒకటే నీటి గుణం, నాయనా. ఆ గుణం పెట్టినవాడు ఆయన. పడవ వేసుకు రావాలన్న బుద్ధి పెట్టినవాడూ ఆయనే" అంటిమి. వాడు తృప్తిపడెనో లేదో యెఱుగము. వాని యిల్లు నీటిపాలైన మాట నిజము. విశ్వాసము పోయినదానిని తెచ్చియీయదు. మిగిలినదానితో మరల మొదలిడుటకు బలమిచ్చును.

మా తాతగారు 2001లో గతించిరి. తాను నాటిన చెట్ల నీరు ఆయన త్రాగలేదు. మా పిల్లలు త్రాగుచున్నారు. ఆ తోటలో కూర్చుండి మేము మరల కనులు మూసికొనుట నేర్చుకొంటిమి. గాలివాన రాకూడదని మేమిపుడు వేడుకొనుట లేదు. అది వచ్చిన మఱునాడు గొయ్యి త్రవ్వు శక్తిని, నిందింపబడినవారి బిందె నింపు బుద్ధిని ప్రసాదింపుమని మాత్రమే వేడుకొనుచున్నాము.