ఆరాధనే జీవితంగా: హెబ్రోను దారి

ఆరాధన ఆదివారం ఉదయంతో ముగిసిపోదని తెలుగు క్రైస్తవులకు ఆచరించి చూపినవారిలో బ్రదర్ భక్త సింగ్ (1903–2000) ముఖ్యులు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లండ్, కెనడాలలో ఇంజనీరింగ్ చదివిన ఆయన 1929లో విన్నిపెగ్‌లో క్రీస్తును నమ్మారు. 1933లో స్వదేశం చేరారు. 1941లో మద్రాసులో తొలి సంఘం మొదలైంది, ఆ తరువాత హైదరాబాద్‌లో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రం. ఇది గోల్కొండ చౌరస్తా దగ్గర ఉంది.

అక్కడి పద్ధతి మన నేలకు దగ్గరగా ఉంటుంది. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుంటారు. స్తుతి ప్రార్థన పాస్టరు ఒక్కరి పని కాదు. సభలో ఎవరైనా లేచి దేవుణ్ణి స్తుతించవచ్చు. రొట్టె విరిచి, వాక్యం విన్నాక ప్రేమవిందు. కులాల గోడలు గట్టిగా ఉన్న సమాజంలో అందరూ ఒకే పంక్తిలో భోంచేయడం చిన్న విషయమేమీ కాదు, బహుశా ప్రసంగం కన్నా బలమైన బోధ అదే.

అయితే వీటన్నిటికీ మూలం ఏకాంత ప్రార్థన. భక్త సింగ్ గంటల తరబడి మోకాళ్ల మీదే ఉండేవారు. బైబిలు చదవడం, నిర్ణయాలు తీసుకోవడం కూడా ఆ మోకాళ్ల మీదే. అపార్ట్‌మెంట్ గదిలోనైనా సాధ్యమయ్యే సాధన ఇది. కావలసింది సమయం, క్రమం. చివరి ఏళ్లు పార్కిన్సన్స్ వ్యాధితో మంచం పట్టిన ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లో కన్నుమూశారు. సమాధి నారాయణగూడలో ఉంది.