సకినాల డబ్బా

ఉత్తరాలు రాసుకునే రోజులు పోయాయని అందరూ బాధపడుతుంటారు గానీ, నన్నడిగితే ఉత్తరాలు ఎక్కడికీ పోలేదండీ, డబ్బాలుగా మారాయి. వెనకటికి "ఇక్కడ మేమంతా క్షేమం" అని కార్డు ముక్క రాసేవాళ్ళం. ఇప్పుడు రెండు కిలోల సకినాలు, కిలో గరిజెలు, అరకిలో పల్లీల పొడి అట్టపెట్టెలో సర్ది పంపుతున్నాం. అవతల విప్పినవాళ్ళకి ఇంట్లో అంతా బాగానే ఉన్నారని ఆ వాసనతోనే తెలిసిపోతుంది.

మాది చేవెళ్ల. మెహదీపట్నంలో బస్సెక్కి, మర్రిచెట్లకు పేరుపడ్డ బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్ వస్తుంది, ఆ తరవాత మా ఊరు. మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు ఉంది. అక్కడి బాలాజీకి వీసాల దేవుడని పేరు రావడం మీకు తెలిసిందే. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, అది తీరాక వచ్చి 108. ఆ గుళ్ళో హుండీ కూడా ఉండదు. పిల్లల ప్రదక్షిణలు అక్కడితో అయిపోతాయి. కొరియర్ ఆఫీసు చుట్టూ తల్లుల ప్రదక్షిణలు ఆ మర్నాటి నుంచి మొదలవుతాయి. మా అమ్మాయి టెక్సాస్ వెళ్ళి ఆరేళ్ళయింది గనక, నా లెక్క కూడా 108కి దగ్గర్లోనే ఉండి ఉంటుంది.

అన్నట్టు, మా మాటలు కోస్తా వైపు వాళ్ళకి కాస్త తికమకగా ఉంటాయి. మేము గరిజెలంటే మీ కజ్జికాయలు. మేము గారెలంటే మీరు వడలనుకునేరు, మావి కరకరలాడే చెక్కలు. సకినాలకు మాత్రం మీ దగ్గర వేరే పేరు లేదు, ఎందుకంటే సకినాలు మావే.

ఏది పంపాలి, ఏది పంపకూడదు అన్నది పెద్ద శాస్త్రం. పిల్లలు ఎక్కువగా కలవరించేది సర్వపిండి. అది గిన్నె అడుగు నుంచి తీసి వేడి వేడిగా తినాల్సిందే, చల్లారితే తోలు. తడి ఉన్నది ఏదీ ప్రయాణానికి ఆగదు. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. దుబాయికి పంపే గరిజెల్లో గసగసాలు వెయ్యకూడదు. మనకు కూరలో మసాలా అయిన ఆ గింజ, అక్కడ మత్తుమందుల లెక్కలోకి వస్తుంది, జైలుపాలైన వాళ్ళున్నారు. కొబ్బరి పొడి లోపల పెట్టి చేసిన గరిజె వెళ్తుంది గానీ, ఎండు కొబ్బరి చిప్ప పెట్టెలో పెడితే విమానం వాళ్ళు తీసేస్తారు. దాన్లో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే సరుకట.

ఇవి చాలక ప్రభుత్వాల గొడవలొకటి. 2025 ఆగస్టు నెలాఖరున అమెరికా వాళ్ళు చిన్న పార్సెళ్ళకుండే సుంకం మినహాయింపు ఎత్తేశారు. మన తపాలా శాఖ అమెరికా పార్సెళ్ళు ఆపేసింది, మళ్ళీ తీసుకోవడం అక్టోబరు 15న. బతుకమ్మ, దసరా రెండూ ఆ మధ్యలోనే వచ్చి వెళ్ళిపోయాయి. ఏ దేశాల మధ్య ఏం తగువులున్నాయో నాకేం తెలుసు? మా ఇంట్లో మాత్రం మలీదలు చేసిన రోజున ఎవరికీ నోటికి పోలేదు.

ఇక కొరియర్ సంగతి. మొదటిసారి పెట్టె తూకం వేసి "ఏడు కిలోలు" అన్నారు. సరే అనుకునేలోపు టేపు తీసి కొలిచారు. పొడవు 45, వెడల్పు 45, ఎత్తు 40 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేసి 5000తో భాగిస్తే పదహారు కిలోల పైచిలుకు. ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలట! విమానంలో బరువు కంటే చోటుకు కరువు గనక ఈ లెక్క పెట్టారు. పల్లీలడ్డూలైతే గిన్నె నిండా ఒత్తుకుని కూచుంటాయి. సకినం అలా కాదే! చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ, సకినానికీ సకినానికీ మధ్య ఖాళీ, విరగకుండా కింద కాగితాలు, పైన కాగితాలు.

మావారు కళ్ళజోడు సవరించుకుని, "అంటే తొమ్మిది కిలోలు గాలికి కడుతున్నామన్నమాట" అన్నారు.

"పోనీండి, చేవెళ్ల గాలే కదా, అదీ కాస్త పీల్చుకుంటుంది" అన్నాను. ఆ కొరియర్ అబ్బాయి నవ్వాడు గానీ, ఒక్క రూపాయి తగ్గించలేదు సుమండీ.

"అక్కడ దొరకనివా ఇవన్నీ? డల్లాస్ కొట్లలో సకినాలు పొట్లాలు కట్టి అమ్ముతున్నారు" అని మా మరిది ఏటా అంటాడు. నిజమే. దొరుకుతాయి. మా అమ్మాయి కూడా కొంటుంది. రుచికి వంక పెట్టడానికీ లేదు. మరి ఇంత ఖర్చు పెట్టి పంపడమెందుకని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. దానికి జవాబు సకినం చేసే పద్ధతిలోనే ఉందని నాకు తోస్తుంది.

తక్కిన పిండివంటలు ఒక్కరూ కూచుని చేసుకోవచ్చు. సకినాలు అలా సాగవు. కొత్త బియ్యం నానబోసి, నీళ్ళోడ్చి, తడి మీదే గిర్నీలో పట్టించాలి. జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపాలి. ముందు ఆ పిండితోనే గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. తెల్లటి బట్ట పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని తాడులా తిప్పుతూ చుట్టూ చుట్టూ చుట్టాలి. అచ్చులేదు, గొట్టం లేదు. బట్ట తడిని పీల్చుకున్నాక ఒక్కొక్కటే లేపి నూనెలోకి జారవిడవాలి. పిండి ఆరిందా, తెగిపోతుంది. అందుకే అయిదు కిలోల బియ్యం నానబోశామంటే నలుగురైదుగురు ఒక్కసారే కూర్చోవాలి. ఈ రోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో, ఎల్లుండి ఎదురింట్లో. కూలీ లేదు, బదులే. సంక్రాంతి ముందు పదిహేను రోజులు మా వీధి ఆడవాళ్ళ చేతులన్నీ ఉమ్మడి ఆస్తి.

అందువల్ల ఎవరి చుట్టు వారిదే. నాది సన్నం. మా తోటికోడలిది సన్నమే గానీ చివర ముడి సరిగా అతకదు. ఎదురింటి అక్కది లావు, వేలంత. "అక్కా, కొంచెం సన్నగా చుట్టు" అంటే, "సన్నగుంటే పోరగాళ్ళ కడుపెట్ల నిండుతది చెల్లె?" అంటుంది.

ఆ అక్క కొడుకు దుబాయిలో ఉన్నాడు. కట్టడాల పని. ఒక గదిలో ఎనిమిదిమంది. రెండేళ్ళకోసారి వస్తాడు. అక్క ఏనాడూ కొరియర్ గుమ్మం ఎక్కలేదు. ఆ పక్క ఊళ్ళ నుంచి సెలవు మీద వచ్చి వెళ్ళే పిల్లలెవరో తెలుసుకుని, వాళ్ళ సంచిలో రెండు కిలోలకు చోటు అడుక్కుంటుంది. రెండు కిలోల్లో ఎనిమిదిమందికీ రావాలి గనక, లావు సకినం చుడుతుంది. ఆ సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

ఒకే బట్ట మీద ఆరిన సకినాలు, ఒకే బాండీలో తేలిన సకినాలు. సగం నా పెట్టెలో రసీదుతో, నంబరుతో బయల్దేరి ఏ రాత్రి ఏ ఊళ్ళో దిగాయో ఫోనులో చూసుకునే భాగ్యంతో వెళ్తాయి. సగం ఎవరో అబ్బాయి బట్టల మధ్య, పాత చీర ముక్కలో చుట్టుకుని శంషాబాద్ దాటుతాయి. అక్క వాటికి ఏ నంబరూ అడగదు. కొడుకు ఫోను చేసి "ముట్టినయమ్మా" అనేదాకా మా అరుగు మీద వచ్చి కూర్చుంటుంది. ఆ ఒక్క మాట విన్న రోజున, అక్కకు చాయ్ కూడా తీపిగానే ఉంటుంది, చక్కెర మరిచిపోయినా.

పోయిన సంక్రాంతికి డబ్బా అందాక మా అమ్మాయి ఫోను చేసింది. "సగం విరిగాయమ్మా" అంది. నా గుండె గతుక్కుమంది. "అయినా పరవాలేదులే. ముక్కలు చూసి ఎవరివో చెప్పేస్తున్నాను. సన్నవి నీవి. తోకలూడినవి చిన్నమ్మవి. లావువి పెద్దమ్మవి. కానీ అమ్మా, గోడ పక్కింటి అవ్వవి ఒక్కటీ లేవేం?"

అవ్వ మేడ్చల్‌లో మనవడి దగ్గరికి వెళ్ళిపోయింది, ఇల్లు అమ్మేశారు. ఆ కబురు నేను ఫోనులో చెప్పడం మరిచాను. తొమ్మిదివేల మైళ్ళ అవతల నుంచి ఆ పిల్ల విరిగిన ముక్కలు చూసి పట్టుకుంది. కొట్లో కొన్న పొట్లం ఎంత రుచిగా ఉన్నా, వీధిలో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పలేదు గదా!

ఇదివరకు మా బట్ట చుట్టూ తొమ్మిదిమంది కూచునేవాళ్ళం. క్రితం ఏడు అయిదుగురం. పిల్లలు వెళ్ళారు, కొందరు పిల్లల వెనకాల వెళ్ళారు, కొందరికి నడుం వంగడం లేదు. మరో నాలుగేళ్ళకు ఎవరం మిగులుతామో చెప్పలేను. ఇప్పటికే కొన్నిళ్ళలో ఆర్డరిచ్చి చేయించుకుంటున్నారు. తప్పని నేననను, నడుము నొప్పి ఎవరిది వాళ్ళకే తెలుసు.

ఒక్క మాట మాత్రం మీతో చెప్పుకోవాలనిపించింది. సంక్రాంతి దగ్గరపడ్డాక, మీ వీధిలో ఎవరింట్లోనన్నా తడి బియ్యప్పిండి వాసన వస్తే, పిలవలేదని ఊరుకోకండి. వెళ్ళి బట్ట అంచున కూర్చుని నాలుగు సకినాలు చుట్టండి. చెయ్యి తిరగకపోయినా పరవాలేదు, వంకర చుట్లు త్వరగా గుర్తుంటాయి. అవతల డబ్బా విప్పే పిల్ల, "ఇదెవరిదమ్మా, కొత్త చెయ్యి?" అని తప్పకుండా అడుగుతుంది.